చింతపండు గదిలో రాజనీతి శాస్త్రం

మా దుకాణం షట్టరుకు తాళం బయటినుంచే పడుతుంది. పెళ్లయి ఒడిశాలో ఈ రాయగడ వచ్చిన కొత్తలోనే ఆ సంగతి గమనించాను గాని, ఇరవై ఏళ్ల తరవాత దాని వెనకాల కూర్చుని పరీక్షకు చదువుతానని అనుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మా బజారు నిద్రపోతుంది. మా ఆయన షట్టరు దించి, తాళం వేసి, మేడ మీదికి వెళ్లి భోంచేసి పడుకునేవారు. ఆ మూడు గంటలూ నేను లోపల, చింతపండు బస్తాల మధ్య. షట్టరు సగం ఎత్తి ఉంచితే ఎవరో ఒకరు వంగి కిలో కందిపప్పు అడుగుతారు. పైన చదువుదామంటే అత్తగారి టీవీ, దాని మధ్యలో మంచినీళ్లు తెమ్మని ఆవిడ కేకలు. అందుకే తాళం వేయమని నేనే అడిగాను. అడిగి వేయించుకున్నా తాళం తాళమే. గాలి ఆడదు, చింతపండు పులుపు గొంతులో కూర్చుంటుంది, బల్బు తప్ప వెలుగు లేదు.

డిగ్రీ రెండో ఏట నా పెళ్లయింది. చదువు అక్కడ ఆగింది. పిల్లలు కాస్త ఎదిగాక దూరవిద్యలో మళ్లీ మొదటినుంచీ చేరాను. చరిత్ర, రాజనీతి శాస్త్రం. నోరున్న మనిషికి సరిపోయే చదువు అనుకున్నాను. ఇంగ్లీషు గైడ్లు బట్టీపట్టి అన్ని పేపర్లూ గట్టెక్కాను గాని రాజ్యాంగం పేపరు రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే నా రిజిస్ట్రేషన్ గడువే అయిపోతుంది, అంతకుముందు పాసైనవి కూడా పోతాయి. పాసైతే మా వీధి చివర ప్రైవేటు బడిలో ఆఫీసు పని ఇస్తానని అక్కడి హెడ్‌మిస్ట్రెస్ మాట ఇచ్చింది. ఆ పని గొప్పదేమీ కాదు. పగలంతా గల్లా పక్కన కాకుండా ఇంకోచోట కూర్చోవచ్చు. నాకు కావలసింది అంతే.

"ఈ వయసులో సదివి ఎవుల్ని ఉద్ధరిస్తావే?" అనేవారు మా ఆయన.

"మిమ్మల్నేనండీ. పొద్దస్తమానూ నా మొగం సూసే బాధ తప్పిస్తాను గదా."

ఈసారి ఒడియాలో రాయమని స్టడీ సెంటరు మేష్టారు సలహా ఇచ్చారు. మీరంత బాగా మాట్లాడతారు, ఇంగ్లీషుతో కుస్తీ ఎందుకన్నారు. నిజమే. టికిరి కొండల వైపునుంచి చింతపండు తెచ్చే ఆడవాళ్లతో ఇరవై ఏళ్లుగా బేరాలాడుతున్నాను. మునిసిపాలిటీ ఆఫీసులో ఒడియాలో పోట్లాడి గెలిచాను. కూడబలుక్కుని చదవగలను కూడా. రాయడం మాత్రం ఒక్కో అక్షరం బొమ్మ గీసినట్టే.

అప్పుడు దొరికింది మా వెనకవీధి రైల్వే ఉద్యోగి కూతురు. రెగ్యులర్ కాలేజీలో అవే సబ్జెక్టులు, ఆఖరి ఏడు. ఇక్కడే పుట్టి ఒడియా బడిలో చదివిన పిల్ల. మనలాగే తెలుగు మాట్లాడుతుంది, తెలుగు అక్షరం ఒక్కటీ పోల్చుకోలేదు. మధ్యాహ్నం నాతోపాటు లోపలికి వచ్చి తన నోట్సు పైకి చదివేది. నేను ఆ ఒడియాను తెలుగు అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టేదాన్ని. మా ఇళ్లలో ఇదేం వింత కాదు. మా అత్తగారు జగన్నాథుడి భజనలన్నీ ఇలాగే రాసి పెట్టుకున్నారు. పరీక్షలో అక్షరాలు మార్చి రాయడమే కదా అనుకున్నాను. రెండు నెలల్లో నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, గవర్నరు అధికారాలు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

పరీక్ష వారం ఉందనగా ఆ పిల్లే అడిగింది.

"పిన్నీ, ఒక్క ప్రెశ్న గడియారం సూసుకుని రాయి. ఒడియా అచ్చరాల్లో."

రాశాను. నలభై నిమిషాలకు ముప్పావు పేజీ అయింది.

"ఇదేటి పిన్నీ, ఇలాగైతే అయిదు ప్రెశ్నలు ఎప్పటికవుతాయి?"

"సెయ్యి సెమట పట్టేసింది. ఇక్కడ గాలేదీ?"

"సెమట కాదు. నీకు రాయడం రాదు."

"రెండు నెల్ల నుంచి సదివి సదివి, ఇప్పుడు సెప్తావేటే?"

"నీ పుస్తకంలో ఏ అచ్చరాలున్నాయో నాకెలా తెలుస్తాది? నాకూ పరీచ్చలున్నాయి పిన్నీ. రోజూ మూడు గంటలు నీతో ఈ బోనులో కూకుంటన్నాను. నేనింకా సరిత్ర తియ్యనేదు. నేనెల్తాను."

లేచి పుస్తకాలు సర్దుకుని షట్టరు దగ్గరికి వెళ్లింది. రెండుంబావు అయింది. అరచేత్తో షట్టరు మీద కొట్టింది. పైకి వినపడదని నాకు తెలుసు. నాలుగుసార్లు కొట్టి, నా వైపు చూడకుండా అక్కడే నిలబడింది. పరీక్ష నాదొక్కదానిదే అన్నట్టు ప్రవర్తిస్తున్నానని నాకు అప్పుడు తోచింది. ఆ మాట చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"నాలుగైతే గాని ఎలాగూ ఎల్లలేవమ్మి. సరిత్ర తీసి పైకి సదువుకో, నాను వింటాను."

తీసింది. ముక్కు ఎగబీలుస్తూ కొండ ప్రాంతాల తిరుగుబాట్లు అధ్యాయం చదివింది. నాకు అక్కర్లేని పేపరు అది. నాలుగుదాకా నోరు మూసుకుని విన్నాను. నా జీవితంలో అంతసేపు ఎదురాడకుండా కూర్చున్నది అదే. మర్నాటినుంచి తను రాలేదు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. ఆ వారమంతా ఒక్కదాన్నే ఒడియా అక్షరాలు దిద్దాను.

నా పరీక్షా కేంద్రం కొరాపుట్‌లో పడింది. ముందురోజు రైలెక్కాను. నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను గాని, ఒక పేరా అవకముందే రైలు సొరంగంలోకి దూరుతుంది, బయటపడి వాక్యం అందుకునేసరికి ఇంకోటి. చివరికి మూసేశాను. కళ్లు మూసుకుంటే పేజీలు కనిపిస్తున్నాయి. తెలుగు పేజీలు.

హాల్లో మొదటి ప్రశ్న చూడగానే ప్రాణం లేచొచ్చింది. అల్పసంఖ్యాకుల సాంస్కృతిక, విద్యా హక్కులు. ఒక్క మాటా తడుముకోలేదు. చెయ్యి పరుగెత్తింది. ఆ వారం దిద్దినదానికి ఫలితం దక్కిందనుకున్నాను. మూడు ప్రశ్నలు రాసేసి నాలుగోది ఎత్తుకుంటుంటే ఇన్విజిలేటర్ నా బల్ల పక్కన ఆగాడు.

"ఇది ఏ భాషమ్మా?"

"ఒడియా," అన్నాను, తల ఎత్తకుండా.

"నాకు ఒడియా వచ్చు. ఇది కాదు."

చూసుకున్నాను. పేజీలకు పేజీలు, గుండ్రంగా, అందంగా, మా పుట్టింటి ఊరి బడిలో నేర్చుకున్న తెలుగు చేతిరాత. అయినా నోరు ఊరుకోదు కదా.

"చదివి వినిపిస్తాను, వినండి. ప్రతి మాటా ఒడియానే."

"దిద్దేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లి వినిపిస్తారా?"

"అందులో ఏం రాశానో తెలుసా? ఎవరి భాష, ఎవరి లిపి వాళ్లు కాపాడుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిందని రాశాను."

"రాజ్యాంగం బాగానే ఉందమ్మా. మీకే ఇంక గంటా పది నిమిషాలు. కొట్టేసి మళ్లీ రాయండి."

వెనక బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను పేజీ పేజీకి అడ్డంగా గీత కొట్టాను. ఒక్కో గీతకు ఒక్కో మధ్యాహ్నం పోయింది. తరవాత ఒకటో తరగతి పిల్లలా, నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దించడం మొదలుపెట్టాను. తలలో జవాబులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. బయటికి ఒక్కొక్క అక్షరమే వస్తోంది. గంట కొట్టేటప్పటికి ఒక జవాబు పూర్తయింది, రెండోది సగంలో ఉంది.

ఫలితాలు ఫోన్లో చూసి ఆ పిల్లే చెప్పింది. ఇంటికి వచ్చి, గడపలో నిలబడి.

"నేను పాసయ్యేను పిన్నీ."

"మంచిదమ్మి. నాది సెప్పు."

ఫోను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

"ఏటి, నోట్లో బెల్లముందేటి? సెప్పు."

"పోయింది పిన్నీ."

"మళ్లీ సూడు."

మళ్లీ చూసింది. ఫోను నా చేతికిచ్చి చూడమంది. బడిలో ఆ పనికి ఇంకొకరిని తీసుకున్నారు. మా ఆయన "పోన్లే" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తిట్టినా సర్దుకునేదాన్ని.

అడ్మిషన్లు తెరిచాక స్టడీ సెంటరుకు వెళ్లాను. గుమస్తా నా పాత కాగితాలు తిరగేశాడు.

"మళ్లీ మొదటి ఏడాది నుంచా? మూడేళ్లు పడుతుందమ్మా."

"లెక్క నాకూ వచ్చు. ఫారం ఇవ్వండి."

ఒడియాలో నింపడం మొదలుపెట్టాను. నా పేరు అయ్యేసరికి అతను చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి, నేను రాసిపెడతాను."

"అక్కర్లేదు. మీరు టీ తాగి రండి."

అతను టీ తాగి, పేపరు చదివి, ఇంకెవరితోనో మాట్లాడి తిరిగొచ్చాడు. నేను చిరునామా దగ్గర ఉన్నాను.