నాలుక మీది తెల్లపొర

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె పని ఎదుటివాళ్ళ ముఖంలో ముఖం పెట్టి చూడడం. కొత్త జోడు ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, కాడ చెవి వెనక ఒరుసుకుంటోందా, రెండు కంటిపాపల మధ్య దూరమెంత అన్నవన్నీ జానెడు దూరంలోంచి చూసుకోవాలి. గింజంత స్క్రూలు బిగించే ఆ చెయ్యి ఎంత తేలికో, మనిషి అంత భారీ. యజమాని ఆమెను ‘దళసరి అద్దం’ అనేవాడు. ఎవరూ నవ్వకముందే ఆమే నవ్వేసేది.

మోకాళ్ళు మాత్రం నవ్వులాటకు ఒప్పుకోలేదు. మెట్లెక్కడం గండమైపోయాక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తూకం చూసి, రక్తపరీక్షలు చేయించి, కొన్ని వారాలు మామూలు తిండి మాన్పించాడు. పూటపూటకీ నీళ్ళలో కలుపుకునే వెనిల్లా పొడి, అంతే. గ్లాసు అడుగున జిగురు మిగిలేది. దాన్ని కూడా వేలితో తుడుచుకుని నాకేది. కొన్నాళ్ళకు ఆకలి చచ్చింది, బరువు దిగడం మొదలైంది.

నోరు పాడైంది కూడా అప్పుడే. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే నాలుక మీద చెమ్మగోడకు పట్టిన బూజులాంటి తెల్లపొర. గీకితే గీకినంత వచ్చేది. ఉమ్మి తీగలా సాగేది. చిగుళ్ళు తాకితే రక్తం. మురిగిన పండు కొరికినట్టు నోట్లో ఎప్పుడూ ఒక వికారపు రుచి. అరచేతిలోకి ఊది వాసన చూసుకునేది గానీ తన వాసన తనకేం తెలుస్తుంది?

తెలిసినవాళ్ళు చెప్పలేదు. “అబ్బ, ఎంత చిక్కిపోయావు! గుర్తేపట్టలేదు!” అంటూనే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. కొలత తీస్తున్నంతసేపూ ఒక పెద్దాయన ఊపిరి బిగబట్టి, ముఖం కందగడ్డ చేసుకుని, ఆమె పక్కకు తిరగ్గానే గట్టున పడ్డ చేపలా నోరు తెరిచాడు. ఆయనకేదో ఆయాసమనుకుంది. మర్నాడు యజమాని ఆమెను వెనక గదికి, అద్దాలు అరగదీసే మిషను దగ్గరికి మార్చాడు. “అక్కడ కుర్చీ ఉందమ్మా. నీ మోకాళ్ళకి మంచిది,” అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది.

ఒక సాయంత్రం అత్తగారి కళ్ళల్లో మందు చుక్కలు వేయడానికి వంగింది. ఆవిడ ముక్కు మూసుకుంది.

“అమ్మాయ్, కాస్త అవతలికి జరుగు. నీ నోట్లో ఎలకేమన్నా చచ్చిందా?”

“అమ్మా!” అన్నాడు భర్త.

“ఏంట్రా అమ్మా? దగ్గొస్తోందని వంకపెట్టి హాల్లో పడుకుంటున్నావే, అసలు సంగతి దానికి చెప్పావా? దేవుడు నీకూ ముక్కిచ్చాడుగా!”

అతను తలొంచుకున్నాడు. “బాధపడతావని...” అని గొణిగాడు.

ఆమెకు పెద్దాయన ఆయాసం, యజమాని కుర్చీ, అందరి మెచ్చుకోళ్ళు ఒక్కసారిగా అర్థమయ్యాయి. స్నానాలగదిలోకి పోయి పొడినీళ్ళన్నీ కక్కేసింది.

పళ్ళ డాక్టరమ్మ ఆమె పంటి మొదట్లోంచి కాస్త పాచి తీసి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద పెట్టి, తెర మీద చూపించింది. పుల్లల్లాంటివి, చుక్కల్లాంటివి, మెలికలు తిరిగేవి ఒకదాని మీదొకటి పడి లుకలుకలాడుతున్నాయి.

“ఇవి... నావేనా?”

“మీవే. అందరి నోట్లోనూ ఉంటాయి,” అంది డాక్టరమ్మ. “నమలడం మానేస్తే ఉమ్మి తగ్గుతుంది. నీళ్ళు తగ్గిన కాలవలో చెత్త పేరుకోదూ? తిండి మారితే లోపలి క్రిములూ మారతాయి. వాటిల్లో ఏవి పెరుగుతాయో ఏవి తగ్గుతాయో ఇంకా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. మురిగిన పండు వాసన మాత్రం వేరు, అది ఒళ్ళు కొవ్వు కరిగించుకునేటప్పుడు వచ్చేది. ఇక చిగుళ్ళ జబ్బు మీకు ముందునుంచీ ఉన్నదే.”

గార గీకుతుంటే పసుపుపచ్చ పెచ్చులు నెత్తుటితో కలిసి తొట్టిలో పడ్డాయి. ఇన్నేళ్ళూ వీటితోనే నమిలానా అనుకుని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

బరువు చూసే డాక్టరుకూ సంగతి చెప్పింది. ఆయన నీళ్ళు ఎక్కువ తాగించి, మెల్లగా నమిలే తిండిలోకి మార్చాడు. పొర పలచబడింది. చిగుళ్ళు గట్టిపడ్డాయి.

యజమాని మళ్ళీ ముందుకు పిలిచాడు. “వచ్చెయ్యమ్మా. ఎంత బాగున్నావో!”

“ఆ కుర్చీ నా మోకాళ్ళ కోసమేనా సార్?”

ఆయన ఫ్రేములు సర్దసాగాడు. “ముఖమ్మీద ఎలా చెప్తాం చెప్పు?”

“దళసరి అద్దమని ముఖమ్మీదే కదా అన్నారు! అది నోరారా అన్నవాళ్ళకి, ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? ఇప్పుడు మీరు బాగున్నావంటుంటే నాకు రోత పుడుతోంది.”

ఆమె వెళ్ళి తన కొలబద్ద తీసుకుంది. పనంటే ఆమెకు ఇష్టం, దాన్నెందుకు వదులుకోవాలి?

దిగిన బరువులో కొంత మళ్ళీ ఎక్కింది. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతుంది. ఎవరైనా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వితే డాక్టరమ్మ చూపించిన తెర గుర్తొచ్చి ఇప్పటికీ చూపు తిప్పేసుకుంటుంది. చిక్కిపోయావని మెచ్చుకునేవాళ్ళకు జవాబివ్వడం మానేసింది. ఇంట్లో ఎవరైనా వెనిల్లా ఐస్‌క్రీము డబ్బా తెరిస్తే, లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది.