నాలుగో ఓటు

పెళ్లయి ఇటిక్యాల దగ్గరి ఆ ఊరికి కాపురానికి వెళ్లినప్పుడు నా భర్త చేతులు ఎప్పుడూ వార్నిష్ వాసన వేసేవి. ఆయన మోటార్ల వైండింగ్ చేసేవాడు. బోరుబావిలో కాలిపోయిన మోటారును విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండబెట్టేవాడు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంత వోల్టేజితో వస్తుందో తెలియని రోజులవి. మోటార్లు కాలుతూనే ఉండేవి. అందరూ ఆయన్ని సాయిబు అనేవాళ్లు. మాది దూదేకుల ఇల్లు, మాట్లాడేది తెలుగే.

దుకాణం ఊరి పటేలుది. ఆయన ఇంటి ప్రహరీ లోపలే ఒక రేకుల షెడ్డు, దాని వెనక మేం ఉండే రెండు గదులు. కిరాయి అడిగేవాడు కాదు. మా ఇంటికి వేరే వాకిలి లేదు. నీళ్లకు వెళ్లాలన్నా, దుకాణానికి వెళ్లాలన్నా పటేలు అరుగు ముందునుంచే పోవాలి. ఆయన అక్కడ కూర్చుని పేపరు చదువుతూ తలెత్తి చూసేవాడు. చెడ్డ చూపు కాదు. కానీ ఎవరు ఎటు వెళ్లారో, ఎంతసేపటికి వచ్చారో ఆ చూపులో పడేది.

చెడ్డవాడని నేను చెప్పలేను. నా పెళ్లికి ముందు మా అత్తకు పేగు మెలిపడితే తన జీపులో కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయి, ఆపరేషన్ అయ్యేదాకా బయటే నిలబడ్డాడట. "ఆయన లేకుంటే నేను మట్టిల కలిసేదాన్ని" అని అత్త రోజుకు ఒకసారైనా అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏదో పని వెతుక్కుని లేచేదాన్ని. మంచి చేసిన మనిషికి ఎదురు చెప్పే దారి ఉండదు.

అది రెండువేల నాలుగు ఎండాకాలం. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. పటేలు అధికారంలో ఉన్న పార్టీ మనిషి. పేదవాళ్లకు సర్కారే అండగా ఉండాలనీ, తాము గెలిస్తే వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తామనీ, పాత బకాయిలు తీసేస్తామనీ ఎదుటి పార్టీ వాళ్లు ఊరూరా చెబుతున్నారు. మా ఊళ్లో మాత్రం ఆ జెండా ఒక్క ఇంటి మీదే ఉండేది. ఆ ఇంటాయనకు ఇటిక్యాలలో కిరాణా కొట్టు ఉంది కాబట్టి పటేలుతో పని పడేది కాదు.

ఎన్నికలకు ముందు ఒకరోజు కరెంటు ఆఫీసు మనుషులు వచ్చారు. బిల్లులు కట్టని వాళ్ల స్టార్టర్లు విప్పుకుపోవాలట. స్టార్టరు లేకపోతే మోటారు నడవదు. పటేలు మా ఆయన్ని పిలిచాడు.

"సాయిబూ, నువ్వు గూడ పో. నువ్వైతే జర మంచిగ ఇప్పుతవు. వాళ్లయితే పగలగొడ్తరు."

ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం నేను సద్ది తీసుకుని వెతుక్కుంటూ పోతే, ఊరి పడమర ఒక పల్లి చేను గట్టున కనిపించాడు. ఆ చేను ఒక ముసలామెది. భర్త చనిపోయాక ఒక్కతే సాగు చేసుకునేది. ఒక్కగానొక్క బిడ్డను అమ్రాబాద్‌కు ఇచ్చింది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. యాసంగి పల్లి అప్పుడే గింజ పడుతోంది.

"ఇంక రెండు తడులు సారూ," అని ఆమె లైన్‌మన్‌ను బతిమాలుతోంది. "రెండు తడులైతే పంట చేతికొస్తది. గప్పుడు తీస్కపోండ్రి, నేనేం అనను."

"నా చేతుల లేదమ్మా," అన్నాడతను.

ఆమె మా ఆయన వైపు తిరిగింది. "నువ్వే బిగిస్తివి గద నాయనా."

ఆయన తల ఎత్తలేదు. ఒక్కో బోల్టూ విప్పి చేతిలో పెట్టుకున్నాడు. పని అయిపోయాక ఆమె చెట్టు కింది కుండలోంచి నీళ్లు ముంచి అందరికీ ఇచ్చింది. మా ఆయన కూడా తాగాడు. నాకూ చెంబు చాపింది. నేను తాగకుండా పక్కన పెట్టాను. అదే దారిలో తిరిగి వస్తుంటే పటేలు తోటలో రెండు బోర్లూ నడుస్తున్నాయి. ఆయన బకాయి ఆమె బకాయి కంటే ఎన్నో రెట్లని ఊరంతా ఎరుగుదురు. ఎవరూ నోరెత్తరు.

పోలింగుకు రెండు రోజుల ముందు పటేలు ఊరందరినీ పీర్ల చావడి దగ్గరికి రమ్మన్నాడు. మా దగ్గర పీర్ల పండుగ అందరిదీ. చావడి ముందు, పండుగకు నిప్పు వేసే గుండం మన్ను చేతబట్టి ఒట్టు వేస్తే దాటినవాళ్లు లేరని నమ్మకం.

"మన బూత్ల ఒక్క ఓటు అవతల పడొద్దు," అన్నాడు పటేలు. "పడితే జిల్లాల నా మొఖం సూపియ్యలేను. బలిమి లేదు. ఇష్టమున్నోళ్లు మన్ను పట్టుండ్రి."

ఆయన చూస్తుండగా ఇష్టం లేనివాళ్లు ఎవరుంటారు? కిరాణా కొట్టాయన, ఆయన భార్య, తల్లి, ఆ ముగ్గురూ రాలేదు. మిగిలిన అందరం వరుసగా వంగి మన్ను తీశాం. పెద్దమ్మ నా ముందే ఉంది. ఆమె మన్ను పట్టి కళ్లకద్దుకుంది. నా తర్వాత అత్త.

ఆసారి ఓటు కాగితం లేదు, మిషన్. ఎమ్మెల్యేకు ఒకటి, ఎంపీకి ఒకటి. ఎవరు ఏ బటన్ నొక్కితే మిషన్ ఆ తీరుగా కూస్తుందనీ, బయట కూర్చున్న ఏజెంటుకు కూతను బట్టి తెలిసిపోతుందనీ పటేలు అల్లుడు ఊళ్లో చెప్పాడు. నేను గద్వాలలో పదో తరగతి దాకా చదివాను. అది అబద్ధమని తెలుసు. కానీ బడి గదిలో అట్ట మరుగున నిలబడ్డప్పుడు ఆ చదువు నాతో లేదు. అట్టకు అవతల, నాలుగు అడుగుల దూరంలో, అదే అల్లుడు ఏజెంటుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ముందునుంచీ ఏదో నిశ్చయించుకుని వెళ్లలేదు. వేలు పటేలు గుర్తు మీదికి పోయింది. అంతలో బోల్టు విప్పుతున్న మా ఆయన వంగిన వీపు కళ్లముందుకు వచ్చింది. వేలు జరిగింది. నొక్కాను. మిషన్ కూసింది. ఆ కూత బడి దాటి ఊరంతా వినిపించినట్టు అనిపించింది. రెండో మిషన్ దగ్గర ఇక ధైర్యం చాలలేదు. పటేలు గుర్తు మీదే నొక్కి బయటికి వచ్చేశాను. అల్లుడు నా వైపు చూసి నవ్వాడు. మామూలు నవ్వే. ఆ నవ్వుకు అర్థమేమిటో ఫలితాలు వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

లెక్కింపు రోజు పటేలు ఇంట్లో టీవీ చుట్టూ జనం. మధ్యాహ్నానికి టీవీ కట్టేశారు. హైదరాబాదులో సర్కారు మారిపోయింది. ఉచిత కరెంటు అన్న పార్టీయే గెలిచింది. సాయంత్రం అల్లుడు బూత్‌ల వారీ లెక్క రాసుకున్న కాగితంతో తిరిగివచ్చాడు. మా బూత్‌లో ఎంపీ మిషన్లో ఆ పార్టీకి మూడు ఓట్లు. ఎమ్మెల్యే మిషన్లో నాలుగు.

ఆ మూడూ కిరాణా కొట్టు ఇంటివని అందరికీ తెలుసు. పటేలు అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆ కాగితం చూశాడు.

"ఒక దాంట్ల ఏసి, ఇంకో దాంట్ల భయపడ్డది," అన్నాడు చివరికి. "సగం ధైర్యం. ఆడమనిషే."

నేను గదిలో బియ్యం ఏరుతున్నాను. మా గడపకూ ఆ అరుగుకూ మధ్య పది అడుగులు కూడా ఉండవు. అత్త నా పక్కనే కూర్చుని, "గుండం మన్ను పట్టి ఒట్టు తప్పిందా! దాని చేతులు ఇరగ," అంది. నా చేతులు ఆగాయి. మళ్లీ ఏరడం మొదలుపెట్టాను.

ఆ రోజు చీకటి పడకముందే ఊరు పెద్దమ్మ పేరు చెప్పేసింది. స్టార్టరు పోయింది ఆమెకు, పంట ఎండింది ఆమెకు, ఇంకెవరికి కోపముంటుంది? ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. పటేలు ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆమె జొన్నలు తీసుకుని పోతే పిండిగిర్నీ బెల్టు తెగిపోయిందన్నారు. ఎండిన చేను దున్నడానికి నాగలి దొరకలేదు. బోరింగు దగ్గర ఆమె బిందె వంతు వచ్చేసరికి ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. నేనూ ఆ ఆడవాళ్లలో ఒకదాన్ని.

చెబితే మా ఆయన దుకాణం పోతుంది, అత్త నన్ను ఇంట్లో ఉంచదు. చెప్పకపోతే రోజూ ఆమె ముఖం చూడాలి. పుట్టింటికి పోదామంటే అడగకుండానే కారణం అల్లుతారు. ఒక వారం అట్లాగే గడిపాను. అన్నం సయించేది కాదు. నీళ్లోసుకున్నానేమోనని అత్త సంబరపడింది. కాదని చెప్పడానికి కూడా భయమేసింది.

ఒక పొద్దున చింతపండు కొనే నెపంతో పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గడప ముందు రోట్లో జొన్నలు దంచుకుంటోంది.

"పెద్దమ్మా, ఆ ఓటు నాది," అన్నాను.

ఆమె రోకలి ఆపలేదు. "నీదా!" అంది. "నేనెవలిదో అనుకుంటిని. నేను ఏయలే బిడ్డా. రెండిట్ల పటేలుకే ఏసిన. మన్ను పట్టిన గద, భయమైంది."

లెక్క చూస్తే అది నాకు ముందే తెలియాలి, కానీ ఆమె నోట వినేదాకా తట్టలేదు. స్టార్టరు పోగొట్టుకున్న మనిషి వాళ్లకే ఓటేసి, వేయలేదన్న నింద మోస్తోంది.

"నేను పోయి చెప్త పెద్దమ్మా."

"ఏం చెప్తవ్? చెప్తే నిన్ను ఎల్లగొడ్తరు. నీ మొగని చేతుల పని పోతది. నన్ను యాడికి ఎల్లగొడ్తరు? ఈ ఇల్లు నాది. ఊకో." చింతపండు ఉండ ఒకటి నా కొంగులో వేసింది. "ఇంక గిట్ల రాకు. చూసినోళ్లు అడుగుతరు."

ఆమె క్షమించిందని అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆమె అట్లా ఏమీ అనలేదు. నోరు మూసుకోమని మాత్రమే అంది.

కొత్త సర్కారు వచ్చీరాగానే ఉచిత కరెంటు ఇచ్చింది, బకాయిలు తీసేసింది. వానలు పడ్డాయి. దసరా లోపలే పటేలు ఆ పార్టీలోకి మారాడు. జిల్లా నుంచి నాయకుడొకాయన వస్తే బడి ముందు షామియానా వేశారు. మొదటి నుంచీ ఆ పార్టీ జెండా మోసిన కిరాణా కొట్టాయన వెనక వరుసలో నిలబడ్డాడు. పటేలు మైకు పట్టుకుని, ఊరంతా తన మాటమీద ఉన్నప్పుడే ధైర్యం చేసి ఈ పార్టీకి ఓటేసిన తల్లి ఒకామె ఉందని చెప్పి, పెద్దమ్మను వేదిక మీదికి పిలిచాడు.

ఆమె రానంది. ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని ఎక్కించారు. నాయకుడు మెడలో దండ వేశాడు.

"ఏం చూసి ఓటేసినవ్ అమ్మా?"

ఆమె మైకు వైపు చూసింది. జనం వైపు చూసింది. నేను మూడో వరుసలో అత్త పక్కన ఉన్నాను. నా దగ్గర ఆగకుండా ఆమె చూపు దాటిపోయింది.

"కరెంటిస్తరని," అంది.

చప్పట్లు కొట్టారు. అత్త కూడా కొట్టింది. ఆమె చేతులు విరగాలని అన్న నోటితోనే, "పాపం, ముసలిదైనా గట్టిది," అంది. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే పక్కవాళ్లు చూస్తారు.

మరునాడు ఆమె స్టార్టరు తిరిగి వచ్చింది. బిగించడానికి పటేలు మా ఆయన్నే పంపాడు. ఆయనకు సద్ది ఇచ్చేందుకు నేనూ వెళ్లాను. పెద్దమ్మ గట్టు మీద నా పక్కన కూర్చుంది.

"ఒట్టు తప్పకుంటే గిర్నీ బంద్ పెట్టిరి. అబద్ధం చెప్తే దండేసిండ్రు," అంది. "నువ్వు ఏసిన ఓటు నా పేరు మీద రాసిండ్రు బిడ్డా. ఇంక నువ్వు చెప్పినా ఎవరు నమ్మరు."

స్టార్టరు దగ్గర చప్పుడు ఆగింది. మా ఆయన వింటున్నాడని అప్పుడు తెలిసింది. పని ముగించి, మోటారు నడిపి చూపించి, సైకిల్ తీసుకుని నా పక్కన నడిచాడు. ఊరు కనిపిస్తుండగా అడిగాడు.

"నాలుగోది నీదా?"

తల ఊపాను.

"ఎందుకేసినవ్?"

"నువ్వు ఆ స్టార్టరు ఇప్పుతుంటే చూసిన."

ఆయన ఆగిపోయాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. సైకిల్ హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని, "అమ్మకు చెప్పకు," అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆయన కూడా పటేలు అరుగు ముందు తల దించుకునే నడిచేవాడు.

మూడేళ్ల తర్వాత వనపర్తిలో కిరాయికి ఒక మడిగె దొరికితే దుకాణం అక్కడికి మార్చాం. వెళ్లేటప్పుడు పటేలు జీపు ఇచ్చి సామాను పంపాడు. అత్త ఆయన కాళ్లకు మొక్కింది. ఆమె అక్కడే వనపర్తిలో పోయింది. ఓటు సంగతి చివరిదాకా ఆమెకు తెలియదు.

పెద్దమ్మ బోరులో నీళ్లు అడుగంటాక ఆమె చేను కౌలుకిచ్చి కూతురి దగ్గరికి చేరిందని విన్నాను. ఒకసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో కనిపించింది. అమ్రాబాద్ పోయేందుకు అచ్చంపేట బస్సు కోసం చూస్తోంది. మోకాళ్ల నొప్పుల గురించి, మనవరాలి చదువు గురించి చెప్పింది. నా పిల్లలెందరో అడిగింది. ఇప్పుడైనా ఆ మాట ఎత్తాలని, ఆమెను మన్నింపు అడగాలని నేను లోపల పదాలు కూర్చుకుంటున్నాను. అంతలో బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. ఆమె సంచి అందుకుని కిటికీలోంచి సీటు మీద వేశాను. ఆమె ఎక్కింది. ఎవరో ఆ సీటులో కూర్చుని సంచి ఆమెకు అందించారు. ఆమె వెనక్కి పోయి అవతలి వైపు ఎక్కడో కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. నాకు ఆమె కనిపించలేదు.