కాలుకు పెట్టిన వేడి

జనవరిలో, పొద్దున ఆరింటికి, లారీ దిగి సరిహద్దు కొండ మీది సైనిక ఆసుపత్రిలో చేరాను. బయట మైనస్ పదకొండు. నాది కోరుట్ల, కొలువు నర్సింగ్ సహాయకుడిది. తుపాకీ కన్నా నా చేతిలో ఎక్కువగా ఉన్నది ఒక మిషను. దాని తీగ కొసను పాదానికి అతికిస్తే, చర్మంలో నెత్తురు ఎంత పారుతోందో తెర మీద అంకె పడుతుంది.

సర్జన్ మేజర్ మొదటి రోజే హుకుం చెప్పాడు. కొలిచే ముందు ఇరవై నిమిషాలు రోగి కదలకూడదు. పాదానికి దుప్పటి తప్ప ఏ వేడీ తగలకూడదు, తగిలితే చర్మంలోకి నెత్తురు ఎగదన్ని అంకె అబద్ధం చెబుతుంది.

మూడో వారం ఒక లాన్స్ నాయక్‌ను తెచ్చారు. మోర్టార్ గుండు ముక్క తగిలి తొడలో రక్తనాళం తెగింది. ఆపరేషన్‌కు ముందు అంకె ఆరు. సర్జన్ రెండో కాలి నుంచి సిర తీసి తెగినచోట అతికించాడు. పన్నెండింటికి నలభై. కాలు దక్కిందనుకున్నాం.

స్పృహ వచ్చాక వాడు తెలుగులో మూలిగాడు. సిరిసిల్ల జిల్లా చందుర్తి వాడట. మూడు వారాలుగా మన మాట వినని నాకు ప్రాణం లేచొచ్చింది.

“అన్నా, కాలు సల్లగైతుంది. జర వేడి పెట్టే.”

మన ఇళ్లలో కాలు గుంజితే ఉప్పు మూటతో కాపడం పెడతాం. నేనూ అంతే, రబ్బరు సంచిలో వేడి నీళ్లు పోసి దుప్పటి కింద పెట్టాను. ఒంటిగంటకు సంచి తీసి వెంటనే కొలిచాను. నలభై నాలుగు. రెండింటికీ అదే పని, అదే అంకె. సర్జన్ కాగితం చూసి ఇంకో ఆపరేషన్‌కు వెళ్లిపోయాడు. కాలు ఎందుకు చల్లబడుతోందని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. గాడిదను.

మూడింటికి వేడి నీళ్లు అయిపోయాయి. సంచి లేకుండా కొలిచాను. ఐదు. పాదం సున్నం కొట్టిన గోడలా ఉంది. అతికిన నాళంలో నెత్తురు గడ్డకట్టింది. మళ్లీ కోశారు గానీ ఆలస్యమైంది. మర్నాడు పదింటికి మోకాలి పైదాకా తీసేశారు.

వేడేమైనా పెట్టావా అని సర్జన్ అడిగాడు. లేదు సాబ్ అన్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నౌకరీ ముగించుకుని కోరుట్లకు తిరిగొచ్చిన నెలకే, నిజం చెప్పేద్దామని బండి మీద చందుర్తికి వెళ్లాను. వాడు చంకకర్రలతో గడప దాకా వచ్చి భార్యను పిలిచాడు.

“గీ అన్ననే. గంత మందిల నా కాలుకు వేడి పెట్టింది గీయనొక్కడే. కాళ్లకు నీళ్లియ్యి.”

చలికాలం కదా, ఆమె చెంబుతో వేడి నీళ్లు తెచ్చింది. చెప్పడానికొచ్చింది దాచుకుని చెప్పులు విడిచాను. ఆమె పోస్తుంటే కడుక్కున్నాను. నా రెండు పాదాలూ ఎర్రబడ్డాయి. వాడు ఒంటికాలి మీద నిలబడి వాటినే చూస్తున్నాడు.