నాలుగు బోల్టుల పడవ

నారాయణఖేడ్‌లో నాది వెల్డింగ్ షాపు. ఈ రోజు పొద్దున మంజీరలో చేపలు పట్టే ఒక పెద్దమనిషి తన రేకు పడవను ట్రాలీ ఆటోలో తెచ్చాడు. తెరచాప గుంజను నిలబెట్టే ఇనుప గొట్టం పడవకు బిగించాలన్నాడు. వెల్డింగ్ చేస్తే జన్మలో ఊడదని చెప్పాను.

"వద్దు. బోల్టులు బిగియ్యి. పొద్దుమూకితే గుంజ, గొట్టం రెండూ తీసి పండవెడ్త."

"రోజూ గీ పరేషాన్ ఎందుకు కాకా?" అన్నాను.

"నిరుడు వెల్డింగే చేయించిన. పడవను తాడుతోని కట్టేసి ఇంటికి పోయేటోణ్ణి. తెల్లారి చూస్తే, డ్యాం నీళ్లల్ల మునిగిన మా పాత ఊరి మీద ఆగి ఉండేది. రోజూ గాడ్నే. గందుకే గా గొట్టం కోసి తీసేసిన."

నవ్వు ఆపుకొని నాలుగు బోల్టులు బిగించాను. గుంజ నిలబెట్టి, తెరచాప ఎత్తి చూసుకున్నాడు. రేపు తీసుకెళ్తానని, ఈలోగా అన్నీ విప్పి పండబెట్టమని రెండుసార్లు చెప్పి వెళ్లాడు. బోల్టుల మీద రంగు ఆరలేదని నేను అలాగే వదిలేశాను.

సాయంత్రం షట్టర్ దించబోతూ చూశాను. ఎక్కడా ఆకు కదలడం లేదు. తెరచాప మాత్రం నిండుగా ఉబ్బి ఉంది. పడవ వెనక నేల మీది ఇనుప పొడిలో మూరెడు గీత. పడవ మంజీర వైపు జరిగింది.

పదేళ్లుగా అందరికీ వెల్డింగే గట్టిదని చెప్పినవాణ్ణి, పానా తెచ్చి నట్లు విప్పాను. నాలుగోది ఊడగానే గుడ్డ మెల్లగా వాలిపోయింది.

మునిగిన ఆ ఊళ్లో ఎవరి కోసం ఆ పడవ పోతుందో రేపు కాకను అడగనా, వద్దా? మీరే చెప్పండి. అడిగితే చెబుతాడేమోనని నా భయం.