ఉత్త కుండలో కవ్వం

మా చిన్నప్పుడు... ఆలూరు పక్కన మా పల్లెలో, మాయమ్మ పొద్దున్నే ఉత్త కుండ చిలుకుతాంటే దోవన పోయేవాళ్లంతా నిలబడి చూసేవాళ్లు. కుండలో పెరుగు లేదు, నీళ్లు లేవు... కవ్వం మాత్రం తిరుగుతానే ఉండేది!

సంగతేందంటే... అమ్మ బావిలో నీళ్లు చేదుతాంటే నిండు కడవ జారి, తాడు చేతిని ఒక్కసారి గుంజేసింది. కుడి భుజం వాచిపోయింది. కట్లు కట్టే మస్తాన్ తాత వచ్చి, కండ్లు మూసుకోని వేళ్లతో భుజమంతా తడిమినాడు. "ఎముక ఇరగలేదు తల్లీ, నరం బెణికింది" అని కోడిగుడ్డు సొన, మినపపిండి కలిపి కట్టు కట్టినాడు.

కట్టు ఇప్పినంక చూస్తే... చెయ్యి రొమ్ము దాటి పైకి లేయదే! తన కొప్పు తాను ముడేసుకోలేక అమ్మ ఏడ్చేసింది. నేనే వంకరటింకరగా ముడేసేదాన్ని. ఇంక ఎప్పటికీ ఇంతేనా అని నాకు శానా భయమేసింది.

అప్పుడు చెప్పినాడు తాత, ఉత్త కుండ చిలకమని.

"ఎందుకు తాతా?" నేను ఊరుకునే రకమా!

"కవ్వం తాడుకు రెండు కొసలు గదా పాపా... మంచి చెయ్యి లాగితే నొప్పి చెయ్యి దాని ఎనకాలే పోతాది."

నేను ఆ తాడునే చూస్తా కూర్చునేదాన్ని... నిజమే, ఒక చెయ్యి ఇంకో చేతిని నడిపిస్తాంది!

మా అవ్వకు మాత్రం అస్సలు నచ్చలే. "ఉత్త కుండ చిలికితే ఇంట్లో పాడి నిలుస్తాదా?" అని ఒకరోజు కుండనిండా గడ్డపెరుగు పోసేసింది. అత్తకు ఎదురు చెప్పలేక అమ్మ అదంతా చిలికింది. తెల్లారేసరికి భుజం మళ్లీ వాపు!

తాత అవ్వను ఒక్క మాటా అనలేదు. "చెంబెడు నీళ్లల్లో గరిటెడు పెరుగు ఎయ్యక్కా. ఉత్త కుండా కాదు, బరువూ కాదు" అన్నాడు. అవ్వ సల్లబడింది. వాపు తీసినంక మళ్లీ మొదలు... వారానికో గరిటె పెంచుకుంటా పోయినారు.

ఒకరోజు దువ్వెన తీసుకోని పోతే... అమ్మ రెండు చేతులూ ఎత్తి కొప్పు ముడేసుకుంటాంది! ఎగిరి గంతేసినా. ఇంక నా పని లేదే అని రవ్వంత దిగులూ పడినా.

ఇప్పుడు నా భుజం పట్టేసింది. కడపలో ఫిజియోథెరపీకి పోతే, పైన చక్రానికి తాడేసి రెండు కొసలూ నా చేతికిచ్చినారు. "మంచి చెయ్యితో లాగండి అవ్వా, నొప్పి చెయ్యి అదే లేస్తుంది" అనింది అక్కడ కసరత్తు చేయించే పిల్ల.

"ఇంట్లో కవ్వముంటే దానితో చేసుకుందును గదమ్మా" అంటే, "కవ్వమంటే ఏంది అవ్వా?" అనింది!

నా కొప్పు ఇప్పుడు మనవరాలు ముడేస్తాంది... వంకరటింకరగానే. మీ ఊర్లో కట్లు కట్టే తాతలు ఏ పని చెప్పి చెయ్యి ఆడించేవాళ్లు? రాయండబ్బా... నా చెయ్యి తలదాకా లేచేంతవరకు చదువుకుంటా ఉంటా.