లోవలక్ష్మి కొన్న ఇన్వర్టరు

ఏడుకొండలు తాగడు. వచ్చిన చిక్కంతా అక్కడే. తాగొచ్చి కొట్టేవాడైతే ఊరి పెద్దలు నాలుగు చీవాట్లు పెట్టి, మందు మానెయ్యమని ఓ తీర్పు చెప్పి పంపేవారు. తాగని మొగుడు కొడతాడంటే ఎవరు నమ్ముతారు? బీడీ కాల్చడు, పేకాడడు. భీమవరం నుంచి రొయ్యల మేత బస్తాలు ట్రక్కు ఆటోలో వేసుకొచ్చి, చెరువు చెరువుకీ దింపి, పొద్దు వాలేసరికి ఇంటికొచ్చి బుద్ధిగా కాళ్ళు కడుక్కుంటాడు. ఎదురైన ప్రతి ముసలమ్మనీ "బాగున్నారా అండి" అని పలకరిస్తాడు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

వాడు పెళ్ళాన్ని కొట్టేది కరెంటు పోయినప్పుడు మాత్రమే.

పెనుగొండకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ పక్క కాలనీలో వాళ్ళిల్లు. రెండు గదులు, ముందు చిన్న వసారా. చుట్టూ రొయ్యల చెరువులు. రొయ్యకి గాలి అందాలని చెరువుల్లో ఏరేటర్లు పగలూ రాత్రీ నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి. వేసవిలో ఆ లోడుకి లైను తట్టుకోదు, సాయంత్రమయ్యేసరికి కరెంటు పోతుంది. పోయిన మరుక్షణం చెరువు గట్ల మీద జనరేటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ మోతలో ఇంట్లో మనిషి గొంతు చించుకున్నా పక్కింటికి వినపడదు. ఇటు చీకటి, అటు మోత. ఆ రెంటి మధ్యా వాడు మొగాడయ్యేవాడు. పగలు మేత డీలరు విసుక్కున్నా, చెరువుగల ఆసామి ఓ మాటన్నా నవ్వుతూ దిగమింగుకుని వచ్చేవాడు. అదంతా ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు లోవలక్ష్మి మీద పడేది.

మొదటి దెబ్బ పెళ్ళయిన ఏడాదికే పడింది. చీకట్లో ఎటునుంచి వచ్చిందో కూడా తెలియలేదు. ఎడమ చెవి మీద తగిలింది. ఇప్పటికీ ఆ చెవిలో మోటారు తిరుగుతున్నట్టు గుయ్యిమంటూనే ఉంటుంది. తర్వాత ముంజేయి విరిగింది. ఇంకో ఏడు కడుపు మీద తన్నాడు, మూడో నెల గర్భం పోయింది. నిరుడు వేసవిలో రెండు పక్కటెముకలు చిట్లాయి. పదకొండేళ్ళు. ఒక్కగానొక్క కూతురు ఆశాజ్యోతిని ఆ చప్పుడు చెవిన పడకూడదని హాస్టల్లో చేర్పించి, తాను మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కాలనీలో ఆ ఇంటి పట్టా ఆమె పేరున ఉంది. ఉన్న ఒక్క నీడ వదులుకుని ఎక్కడికి పోతుంది?

రెండుసార్లు పెద్దల్లో పెట్టింది. పెద్దలంటే ముఖ్యంగా జగపతిరాజుగారు. ఆ చుట్టుపక్కల చెరువుల్లో సగం ఆయనవే. మంచాయనే, కాని పెద్దలు కూర్చునే దగ్గర ఓ ఆచారం ఉంది. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పిందే మాట. దెబ్బ తిన్నవాళ్ళూ కొట్టినవాళ్ళూ ఎవరికి వాళ్ళు చెప్పుకునేది లెక్కలోకి రాదు.

"చీకట్లో కాలు జారి నీళ్ళ బిందె మీద పడిందండి" అన్నాడు ఏడుకొండలు, రెండుసార్లూ అదే మాట, అదే మెత్తటి గొంతు.

రాజుగారు వాడి తల్లి సంపూర్ణమ్మకేసి తిరిగారు. ఆ ఇంట్లో మూడో మనిషి ఆవిడొక్కతే.

"చీకటండి బాబూ. నాకేం కనపడలేదండి" అంది సంపూర్ణమ్మ.

"చూసినవాళ్ళు లేకుండా ఏం చెప్పమంటావమ్మా?" అన్నారు రాజుగారు. రెండోసారి లేచి వస్తుంటే వెనకాల ఎవరో, ఈవిడకి పడడం అలవాటే అని నవ్వారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? విరిగిన ఎముకల కంటే ఆ నవ్వే ఎక్కువ నొప్పెట్టింది. చచ్చేలోగా ఒక్కసారైనా తన మాట నిజమని అక్కడ అనిపించుకోవాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

లోవలక్ష్మి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. ఐసు నీళ్ళలో చేతులు మొద్దుబారిపోయినా ఆ వేగం అందుకునే మనిషి షెడ్డులో ఇంకొకరు లేరు. ఈ ఏడు ఏప్రిల్లో ఓ రోజు పని మధ్యలో కరెంటు పోయింది. చుట్టూ గట్ల మీద జనరేటర్ల మోత మొదలైంది, లోవలక్ష్మి భుజాలు వాటంతటవే ముడుచుకుపోయాయి. తీరా చూస్తే షెడ్డులో లైటు ఆరలేదు. ఆడవాళ్ళు కబుర్లు కూడా ఆపలేదు. ఇన్వర్టరు పెట్టారట. ఆమె చేతిలో రొయ్య పట్టుకునే కాసేపు ఆ లైటుకేసి చూసింది. మర్నాడు చెవులకి దుద్దులు లేవు.

పెనుగొండ బజార్లో గున్నేశ్వరరావు బ్యాటరీల కొట్టు ముప్పై ఏళ్ళ నాటిది. ఎవరొచ్చినా ముందు చిన్న కాగితం తీసి, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు అని రాసుకుంటే గాని బేరం మొదలుపెట్టడు.

"ఎన్ని ఫ్యాన్లమ్మా?"

"ఫ్యాన్లొద్దండి. ఒక్క లైటండి. ముందు గదిలోది. బాగా వెలుతురుండాలండి."

గున్నేశ్వరరావు కలం కింద పెట్టేశాడు. "ఒక్క లైటుకి ఇన్వర్టరేంటమ్మా? పాము చిన్నదైనా పెద్దకర్రతో కొట్టాలన్నారని అన్నిటికీ పెద్దకర్ర ఎందుకు? చార్జింగు బల్బు పట్టుకెళ్ళు. చవగ్గా పోతుంది."

"అది చేత్తో తీసెయ్యొచ్చు కదండి. నేలకేసి కొట్టెయ్యొచ్చు కదండి."

ఆయన తలెత్తి చూశాడు. వంకరగా అతుక్కున్న ముంజేయి కనపడింది. మచ్చ కప్పడానికి కాస్త కిందికి దించుకున్న కొంగు కనపడింది. వ్యాపారం చేసేవాడికి మనిషిని చదవడం రాకపోతే అన్నం పుట్టదు. ఎవరు, ఏమిటి అని అడగలేదు.

"నీకెలాంటిది కావాలో నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

"ఎవరూ కదల్చలేని బ్యాటరీ కావాలండి."

"పొడుగు ట్యూబులర్ది ఇస్తాను. ఇద్దరు మగాళ్ళు పట్టుకుంటే గాని లేవదు. ఒక్క లైటయితే తెల్లవార్లూ వెలుగుతుంది. పోనీ ఓ ఫ్యాను కూడా వేసుకో, బరువేం కాదు."

"అలాగేనండి. కరెంటు పోయాక ఆ లైటు ఆరి వెలగడానికి ఎంతసేపు పడుతుందండి?"

"ఎంతసేపేంటి, రెప్పపాటు."

"ఆ రెప్పపాటు కూడా వద్దండి" అంది లోవలక్ష్మి.

గున్నేశ్వరరావు లేచాడు. ఇన్వర్టరు వెనక్కి తిప్పి, కంప్యూటర్లున్నవాళ్ళ కోసం పెట్టే మీట ఒకటి చూపించాడు. అది నొక్కితే లైటు రెప్ప కూడా వెయ్యదన్నాడు. సాయంత్రం తనే మనుషుల్ని వెంటేసుకొచ్చి బిగించాడు. బ్యాటరీలో పోసుకోమని ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను పక్కనే పెట్టి, నిండుగా ఉంది జాగ్రత్తమ్మా అని చెప్పి వెళ్ళాడు.

ఏడుకొండలు ఇంటికొచ్చి ఆ పెట్టెని చూశాడు.

"ఎవడు పెట్టమన్నాడే ఇది?"

"ఉక్కపోతకి అత్తయ్య పడుకోలేకపోతున్నారని."

అవతల పారేద్దామని బ్యాటరీ పట్టుకున్నాడు. అది లేవలేదు. నడుం పట్టేసి, వీధిలోకి వినపడకుండా మూలిగాడు. లోవలక్ష్మి లోపలికెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత నవ్వుకుంది.

మూడు వారాల్లో తొమ్మిదిసార్లు కరెంటు పోయింది. తొమ్మిదిసార్లూ లైటు ఆరలేదు. వాడు లేచి నిలబడడం, లైటుకేసి చూడడం, పళ్ళు కొరుక్కుని మళ్ళీ కూర్చోవడం. ఒంటి మీద కొత్త మచ్చ లేకుండా మూడు వారాలు. అయినా లోవలక్ష్మికి తెలుసు, అది చల్లారిన నిప్పు కాదని, ఎప్పుడో ఒకప్పుడు లేస్తుందని. అన్నీ ఆలోచించింది గాని, గోడ మీద ఆ లైటుకి స్విచ్చు ఒకటుందన్న సంగతే ఆలోచించలేదు. అప్పటికి అది వాడికీ తట్టలేదు.

మే నెలలో ఓ శుక్రవారం. బస్తా తడిసిందని చెరువు గట్టు మీద అందరి ముందూ ఏడుకొండల్ని ఓ ఆసామి చెంప మీద కొట్టాడు. వాడు నవ్వుతూ తుడుచుకుని ఇంటికొచ్చాడు. అప్పుడే చీకటి పడుతోంది. టీవీ చూస్తుండగా టీవీ ఆగిపోయింది, వీధి దీపాలు ఆరాయి, జనరేటర్లు లేచాయి. కాలనీ జనమంతా ఉక్కపోతకి విసనకర్రలూ కుర్చీలూ పట్టుకుని ఎప్పట్లాగే వీధిలోకి వచ్చి కూర్చున్నారు. వీధి పొడుగునా చీకటి. వెలుగుతున్నది లోవలక్ష్మి ఇల్లొక్కటే. తలుపులు బార్లా తీసి ఉన్నాయి.

పదకొండేళ్ళ అలవాటు మనిషిని వదులుతుందా? జనరేటర్ల మోత వినగానే వాడి చెయ్యి లేచింది. అన్నం గిన్నె దించుతున్న లోవలక్ష్మిని జుట్టు పట్టి లాగి తలని గోడకేసి కొట్టాడు. కింద పడితే డొక్కలో తన్నాడు, పాత పక్కటెముకల మీదే. పెదవి చీలి నోరంతా రక్తమైంది. ఆమె తప్పించుకుని గుమ్మం వైపు పాకింది. కాలు పట్టి వెనక్కి లాగాడు. అప్పుడు తలెత్తి చూస్తే గుమ్మం అవతల చీకట్లో కుర్చీల వరస కనపడింది వాడికి. అందరి ముఖాలూ ఇటే ఉన్నాయి.

"అమ్మా, లైటార్పు" అన్నాడు. మోతలో వినపడదేమోనని లైటుకేసి చెయ్యి చూపిస్తూ మళ్ళీ అన్నాడు. "లైటార్పమంటుంటే."

మంచం మీద కూర్చున్న సంపూర్ణమ్మ లేచింది. లోవలక్ష్మి కింద నుంచి ఆవిడకేసి చూసింది. అత్తయ్యా అని కూడా అనలేదు, ఊరికే చూసింది. సంపూర్ణమ్మ ఆ చూపుని తప్పించుకుని గోడ దగ్గరికి నడిచి స్విచ్చు ఆర్పేసింది.

లోవలక్ష్మి గుండె అప్పుడు పగిలింది. దుద్దులమ్మి తెచ్చుకున్న వెలుతురు, రెప్ప కూడా వెయ్యని వెలుతురు, ముసలిదాని ఒక్క వేలికి పోయింది. డొక్కలో ఇంకో తన్ను పడింది. చీకట్లో తడుముకుంటున్న చేతికి క్యాను పిడి తగిలింది. ఐదు లీటర్లు, నిండుగా ఉంది. రోజుకి వేల రొయ్యల తలలు తుంచే చేతులవి. ఉన్న బలమంతా కూడదీసుకుని తిప్పి కొట్టింది. ఎక్కడ తగిలిందో తెలియదు, పటుక్కుమంది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టింది. జనరేటర్ల మోతని మించి ఆ ఇంట్లోంచి మగ అరుపు వీధికి వినపడింది. పదకొండేళ్ళలో అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే పెద్దల్లో పెట్టింది లోవలక్ష్మి కాదు, ఏడుకొండలు. ముక్కు విరిగింది, ముందు పళ్ళు రెండు లేవు, కుడి చెయ్యి మెడకి వేలాడుతోంది.

"నీళ్ళ క్యానుతో చంపబోయిందండి" అన్నాడు, పళ్ళ సందుల్లోంచి గాలి పోతుంటే.

"ఏమ్మా?" అన్నారు రాజుగారు.

లోవలక్ష్మి వాచిన పెదవితో మెల్లగా చెప్పింది. "లేదండి. చీకట్లో కాలు జారి నీళ్ళ క్యాను మీద పడ్డారండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రాజుగారు మాత్రం నవ్వలేదు. "చూసినవాళ్ళెవరు?" అన్నారు.

ఎదురింటి తాపీమేస్త్రి ఏసుపాదం లేచాడు. "లైటున్నంతసేపూ చూశామండి. ఈడ్చి కొట్టాడండి, తన్నాడండి. పెద్దావిడకి లైటు చూపించాడండి, ఆవిడ ఆర్పింది. ఆ తర్వాత చీకటండి. మాకేం కనపడలేదు."

"ఆయ్, మాకూ అంతేనండి" అన్నారు వెనకాల నలుగురు.

రాజుగారు సంపూర్ణమ్మకేసి తిరిగారు. "ఆర్పింది మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"ఎందుకు ఆర్పారు?"

ఆవిడ చాలాసేపు కొంగు కొస నలుపుకుంటూ కూర్చుంది. కొడుకు తల్లికేసి గుడ్లురుముతున్నాడు. ఈసారి ఆవిడ వాడికేసి చూడలేదు.

"ఇన్నేళ్ళూ చీకట్లోనే జరిగేదండి. వింటూ పడుకునేదాన్ని. నిన్న వెలుతుర్లో చూడలేకపోయానండి" అంది.

 రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రెండుసార్లు నీ మాట తోసేశానమ్మా, నాదే తప్పు" అన్నారు. ఏడుకొండల్ని ఇంక ఆ గడప తొక్కొద్దన్నారు, కేసు పెడతానంటే తనే సాక్షుల్ని తీసుకెళ్తానన్నారు. లోవలక్ష్మి పెట్టింది. పక్కటెముకలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఎలా తగిలిందని అడిగితే ఈసారి పడ్డానని చెప్పలేదు.

అత్తని మాత్రం పొమ్మనలేదు. పొమ్మందామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ స్విచ్చు గుర్తొచ్చినప్పుడల్లా కడుపు మండిపోయేది. ముసలిది ఎక్కడికి పోతుందిలే అని ఊరుకుంది.

వారం తర్వాత మళ్ళీ కరెంటు పోయింది. వీధంతా చీకటైంది, జనరేటర్లు లేచాయి. ఇంట్లో లైటు అలాగే వెలుగుతోంది, కొట్టేవాడు లేడు. అయినా లోవలక్ష్మి చెయ్యి దానంతటదే లేచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుపడి దించుకుంటూ పక్కకి చూసింది. మంచం మీద సంపూర్ణమ్మ కూడా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడ మొగుడు పోయి ఇరవయ్యేళ్ళయింది.

సంపూర్ణమ్మ చెయ్యి దించలేదు. ఆ చేతి వెనకనుంచే అంది. "మీ మావయ్య ముందు దీపం ఊదేసేవోరే పిల్లా."

లోవలక్ష్మి లేచింది. ఆవిడ పక్కన కంచం పెట్టి అన్నం వడ్డించింది.