అప్పజెప్పుల బావ

మా బావకు "సరే" అన్న మాట గిట్టదు. ఆయన ఏం చెప్పినా విన్నవాళ్ళు దాన్ని తిరిగి అప్పజెప్పాలి, బళ్ళో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. అంతా విని ఆయన "సరిగ్గా ఉంది" అనాలి. అప్పటిదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదలకూడదు. ఆయనకు ఎవరైనా ఏదైనా చెబితే ఆయనా అలాగే అప్పజెప్పి, మన నోటి నుంచి ఆ ముక్క వచ్చేదాకా గుమ్మంలా నిలబడతాడు. ఈ మనిషితో ఇన్నేళ్ళు వేగిన మా అక్కకు ఎవరూ ఒక శాలువా అయినా కప్పలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. ఆయనా నేనూ విమానాశ్రయంలో కంట్రోలర్లం. మసక గదిలో రాడార్ తెరల ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఏ దారిన రావాలో, ఎంత ఎత్తున ఉండాలో, ఏ రన్‌వే మీద దిగాలో పైలట్లకు రేడియోలో చెబుతాం. చెప్పింది చెప్పినట్టు పైలట్ తిరిగి చెప్పాలి, మేం విని ఖాయం చేయాలి. అది నిబంధన. మేమంతా ఆ నిబంధనను హెడ్‌ఫోన్‌తో పాటు కొక్కేనికి తగిలించి ఇంటికి పోతాం. మా బావ ఒక్కడే దాన్ని వెంటబెట్టుకుని పోతాడు.

క్షౌరశాలకు వెళతాడు. "చుట్టూ పొట్టిగా, పైన కొంచెం ఉంచి, చెవుల దగ్గర మెషిన్ వద్దు" అంటాడు.

"సరే సార్" అంటాడు మంగలి.

"ఏం సరే?"

"అదే సార్, మీరు చెప్పిందే."

"నేనేం చెప్పాను?"

వెనక బల్ల మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళంతా పేపర్లు దించి చూస్తారు. మంగలి పళ్ళు నూరుతూ అప్పజెబుతాడు. బావ "సరిగ్గా ఉంది" అని కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి అంతా అప్పజెప్పి కూడా ఆ మహానుభావుడు బావ తలను ఎలకలు కొట్టిన గోనెసంచిలా చేసి వదిలాడు. నేనైతే ఆ షాపు పీకి పందిరేద్దును. బావ ఒక్క మాట అనకుండా డబ్బిచ్చి, జుట్టు పెరిగేదాకా టోపీ పెట్టుకు తిరిగాడు.

"అడగవేం బావా?" అన్నాను.

"అతను అప్పజెప్పాడు. నేను సరిగ్గా ఉందన్నాను. ఇక అడిగేదేముంది?" అన్నాడు.

దర్జీ దగ్గరా ఇదే తంతు. ప్యాంటు పొడవు చీలమండ దాకా అన్నాడు, దర్జీ చీలమండ దాకా అని అప్పజెప్పాడు, తీరా చూస్తే పిక్కల దాకా వచ్చింది. ఆ ప్యాంటే తొడుక్కుని ఆఫీసుకొచ్చాడు. వంగి చూసి, చీలమండ అంటే ఎక్కడో ఆ రోజు వేలు పెట్టి చూపించలేదు కాబట్టి తప్పు తనదేనని తేల్చాడు. వినడానికి సిగ్గుపడ్డది నేను.

ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. "ఉప్పు తెండి" అంటుంది అక్క. "ఉప్పు. ఒక ప్యాకెట్టు. మెత్తది. ఇప్పుడే. ఇంకేమీ వద్దు" అని అప్పజెప్పి సంచీ పట్టుకుని నిలబడతాడు. ఒకనాడు అక్కకు చిర్రెత్తి, ఏమీ అనకుండా తలుపు వేసేసుకుంది. పొయ్యి మీది కూర ఉడికిపోయింది, ఉప్పు రాలేదు. తలుపు తీస్తే మెట్టు మీద సంచీతో బావ.

"వెళ్ళలేదా?"

"నువ్వు సరిగ్గా ఉంది అనలేదు."

అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "ఈయన్ని మీ ఆకాశంలోనే ఉంచేసుకోండే చెల్లీ, ఇంటికి పంపకండి" అంది.

అలాంటి మనిషికి అదే ఆకాశంలో తగువు వచ్చిపడింది.

మా విమానాశ్రయానికి రెండు దారులు. ఒకటి కొండ మీదుగా, ఒకటి నది వంతెన మీదుగా. ఆ మధ్యాహ్నం ఒక విమానం వస్తోంది. నడుపుతున్నావిడ కొత్తగా కెప్టెన్ అయింది. కొండ వైపు నేను ఒక విమానాన్ని పైకి పంపుతున్నాను కాబట్టి, బావ ఆవిణ్ని వంతెన దారిన రమ్మన్నాడు. ఆవిడ చక్కగా అప్పజెప్పింది. ఈయన సరిగ్గా ఉందన్నాడు. కాసేపటికి గాలి వాలు మారింది. "రన్‌వే మారింది, రెండో కొస నుంచి దిగండి" అన్నాడు. ఆవిడ అదీ అప్పజెప్పింది. ఈయన అదీ సరిగ్గా ఉందన్నాడు. ఎవరి నోటా ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

ఆ తర్వాత ఆవిడ తిన్నగా కొండ వైపు తిరిగింది.

తెర మీద మా రెండు విమానాల చుక్కలూ ఎర్రబడ్డాయి. బావ ఆవిణ్ని దిగకుండా ఆపాడు, నేను నా విమానాన్ని పక్కకు తిప్పాను. రెండూ క్షేమంగా దాటాయి. లోపల కూర్చున్నవాళ్ళకు తెలియను కూడా తెలియలేదు. కానీ రెండు విమానాల మధ్య ఉండాల్సిన దూరం లేదు. అందుకని విచారణ పెట్టారు.

విచారణ అంటే నాకు భయం లేదు, రేడియోలో మాట్లాడిందంతా రికార్డయిన టేపు ఉందిగా. ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడేసిన ఆ అప్పజెప్పుళ్ళు ఇవాళైనా అక్కరకు వస్తాయనుకున్నాను. పైగా మా చీఫ్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి వరసలో ముందున్నది బావే. చీఫ్‌కు రాత్రి డ్యూటీలు ఉండవు. అక్క అప్పటికే రాత్రి భోజనాలు కలిసి చేసే వేళ కూడా నిర్ణయించేసింది.

గదిలో పొడుగు బల్ల. ఒక కొసన విచారణ పెద్దాయన, ఆయనకు అటూ ఇటూ పైలట్లుగా పనిచేసి మానుకున్న ఇద్దరు పెద్దమనుషులు. ఈ కొసన బావ, సాక్షిగా నేను. గోడవార కుర్చీలో ఆ కెప్టెన్, ఒళ్ళో టోపీ పెట్టుకుని దాని అంచు నలుపుతోంది. కొత్తగా వచ్చిన కెప్టెన్ హోదా పోవడం ఖాయమని, లైసెన్సు సంగతి కూడా అనుమానమేనని బయట వరండాలో అప్పటికే అనుకుంటున్నారు. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. వంతెన అని నోటితో చెప్పి కొండకు వచ్చిన మనిషి మీద జాలేమిటని మండిపడుతున్నాను.

టేపు వేశారు. పెద్దాయన మొహం విప్పారింది. "ఇంత శుభ్రంగా మాట్లాడిన కంట్రోలర్‌ను నేను చూడలేదు. మీరిక వెళ్ళొచ్చు" అన్నాడు.

బావ లేవలేదు. "ఏం తేల్చారో ఒకసారి చెప్పండి సార్."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

"మీ తప్పేమీ లేదు, తప్పంతా ఆవిడదేనని తేల్చాం."

"సరిగ్గా లేదు" అన్నాడు బావ.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. బావ ఆ ఇద్దరు పైలట్ల వైపు తిరిగాడు.

"మీకు ముందు వంతెన దారి చెప్పాను. తర్వాత రన్‌వే మార్చాను. దారి ఊసు మళ్ళీ ఎత్తలేదు. మీరైతే ఏ దారిన వస్తారు?"

"కొండ దారిన" అన్నాడు మొదటాయన. "రన్‌వే మారాక పాత దారి ఎక్కడిది? ఆ కొసకు మ్యాపులో ఉన్నది కొండ దారేగా."

"అదేం మాట?" అన్నాడు రెండో ఆయన. "రద్దు చేయనిదే ఎలా పోతుంది? వంతెన దారినే రావాలి."

"నేను ముప్పై ఏళ్ళు నడిపాను."

"నేను మాత్రం తోపుడు బండి నడిపానా?"

పెద్దాయన ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఒకే విమానాన్ని వాళ్ళిద్దరికీ ఇచ్చి ఉంటే ఆ రోజు అది ఎటు పోయేదో నాకిప్పటికీ తెలియదు.

"చూశారుగా" అన్నాడు బావ. "వంతెన మాట నిలిచే ఉందని నేననుకున్నాను. రన్‌వేతో పాటే పోయిందని ఆవిడ అనుకుంది. నేను రన్‌వే చెప్పాను, ఆవిడ రన్‌వే అప్పజెప్పింది. దారి మాత్రం నా మనసులో ఉంచుకున్నాను. నా మనసులో ఉన్నది ఆవిడ ఎలా అప్పజెబుతుంది?"

"కానీ నిబంధన ప్రకారం మీరు..."

"నేను సరిగ్గా ఉందని అన్నాను సార్. అన్నాక ఇక అది నాది. ఆవిడది కాదు. అందుకే కదా అప్పజెప్పించుకునేది."

కెప్టెన్ చేతుల్లో టోపీ ఆగిపోయింది. నేను బావ కాలు మీంచి నా కాలు తీశాను. నాకు మంగలి గుర్తొచ్చాడు, దర్జీ గుర్తొచ్చాడు. ఎదుటివాణ్ని పట్టుకోవడానికి వేసిన ఉచ్చు అనుకుని ఇన్నేళ్ళు పళ్ళు నూరానే, ఈ మనిషి ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ముందే తన ఖాతాలో వేసుకోవడానికి అలా తిరుగుతున్నాడు. ప్రేమ పొంగుకొచ్చింది. దాని వెంటే మంట కూడా వచ్చింది, ఎందుకంటే ఈసారి ఖాతాలో పడింది మా అక్క రాత్రి భోజనాలు.

కెప్టెన్ హోదా పోలేదు, లైసెన్సూ పోలేదు. నాలుగు మంచి మాటలు చెప్పి పంపారు. రన్‌వే మార్చినప్పుడల్లా దారి కూడా మళ్ళీ చెప్పి తీరాలని మాకందరికీ కొత్త నిబంధన వచ్చింది. బావను కొన్నాళ్ళు రాడార్ ముందు నుంచి తీసి పాఠాలు చెప్పుకోమన్నారు. ఇక చీఫ్ కుర్చీ ఎవరికిచ్చారో చెబితే మీకూ మండుతుంది. మా గదిలో ఒకాయన ఉన్నాడు, ఎవరేమన్నా "సరే సార్" అంటాడు, పూర్తిగా వినకుండానే అంటాడు. ఆయనకిచ్చారు.

అక్క ఆ సాయంత్రం నిప్పులు కక్కింది. "టేపు మీ పక్కనే ఉందటగా?"

"ఉంది."

"వెళ్ళమన్నారటగా?"

"అన్నారు."

"మరి లేచి రావడానికేం?"

"ఆ అమ్మాయి తప్పు చేయలేదే" అన్నాడు బావ, ఇంకేమీ తోచనట్టు.

అక్క చాలాసేపు గిన్నెలు చప్పుడు చేసింది. తర్వాత "ఉప్పు అయిపోయింది, తెండి" అంది. ఆయన "ఉప్పు. ఒక ప్యాకెట్టు. మెత్తది" అని అప్పజెప్పాడు. అక్క గరిటె పక్కన పెట్టి, గుమ్మం దాకా వచ్చి, "సరిగ్గా ఉంది, వెళ్ళిరండి" అంది. నేను ఇంట్లో ఉండగా ఆ మాట అనడం అదే మొదటిసారి.

బావ తిరిగి రాడార్ ముందుకొచ్చిన పూట పక్క కుర్చీలో నేనే ఉన్నాను. అదే పిక్కల ప్యాంటు. కాసేపటికి హెడ్‌ఫోన్‌లో ఆ కెప్టెన్ గొంతు. బావ వంతెన దారి చెప్పాడు, రన్‌వే చెప్పాడు. ఆవిడ ఒక్కొక్కటీ అప్పజెప్పింది. ఈయన సరిగ్గా ఉందన్నాడు.

"ఒక్క నిమిషం సార్" అంది ఆవిడ. "ఒకవేళ రన్‌వే మారితే నేను ఏ దారిన రావాలో ఇప్పుడు మీరు అప్పజెప్పండి."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. మా బావ వెన్ను నిటారుగా పెట్టుకుని, గొంతు సవరించుకుని, బడి పిల్లాడిలా అప్పజెప్పాడు. "రన్‌వే మారినా వంతెన దారే. అప్పుడు దారి కూడా మళ్ళీ చెబుతాను, నేను మార్చితే తప్ప మార్పు లేదు."

"సరిగ్గా ఉంది" అంది కెప్టెన్. "ఇక అది నాది సార్."

బావ ఇంత మొహం చేసుకుని నా వైపు తిరిగాడు. "విన్నావా మరదలా?"

"విన్నాను" అన్నాను.

"ఏం విన్నావో చెప్పు."

ఒళ్ళు మండింది. పళ్ళు నూరుతూనే మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను.